ఫినాల్ తినే బురద

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

మన బస్తర్‌కూ తెలుగు నేలకూ చుట్టరికం పాతది. బైలాడిలా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖ రేవుకు చేరుతుంది. ఇంద్రావతి చిత్రకోట్ దగ్గర దూకి, వెళ్లి వెళ్లి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి నీటి మంచిచెడ్డలు అక్కడివాళ్లకూ పట్టాల్సినవే.

2023 ఆగస్టులో, మనకు కూతవేటు దూరంలోని నగర్నార్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి తొలి ద్రవ ఇనుము వచ్చింది. బ్లాస్ట్ ఫర్నేస్ నడవాలంటే కోక్ కావాలి. బొగ్గును కోక్‌గా మార్చి, అప్పుడు వెలువడే వాయువును కడిగే చోట వచ్చే నీళ్లలో ఫినాల్, సయనైడ్, థయోసయనేట్, అమ్మోనియా ఉంటాయి. ఒకప్పుడు ఆస్పత్రుల్లో క్రిములను చంపడానికి వాడిన మందు ఈ ఫినాలే. ఆ నీళ్లలో లీటరుకు వందల మిల్లీగ్రాములుండే ఫినాల్‌ను, బయటికి వదిలే ముందు 1 మిల్లీగ్రాముకు దించాలని మన నిబంధన. ఆ పని చేసిపెట్టేది క్రిములే!

ఎలా తట్టుకుంటాయి? ఒంటరిగా తేలే కణం త్వరగా దెబ్బతింటుంది. శుద్ధి ట్యాంకులో అవి తమ జిగురులో తామే గుంపుకట్టి ఉంటాయి. పైవరుసలు విషాన్ని తినేస్తుంటే, లోపలివాటికి అది పలచబడి చేరుతుంది. సూడోమోనాస్ పుటిడా అనే బ్యాక్టీరియా తన కణ పొరలోని కొవ్వు ఆమ్లాల ఆకారాన్నే మార్చి పొరను బిగించుకుంటుంది. చొరబడిన ద్రావకాలను పంపు ప్రొటీన్లతో బయటికి తోసేస్తుంది. ఫినాల్‌ను కాటికాల్‌గా మార్చి, వలయాన్ని తెంచి ఆహారం చేసుకుంటుంది. అమ్మోనియాను తినే నైట్రోసోమోనాస్ మాత్రం సున్నితం. మోతాదు మించితే ముందు పడకేసేది అదే, కోలుకోవడానికి వారాలు పడుతుంది.

అందుకే కొత్త ట్యాంకులో ఆవుపేడో, పాత ప్లాంటు బురదో వేసి, బెల్లం, యూరియా, డీఏపీ పెట్టి పెంచుతారు. లంఖణం చేసిన మనిషికి జావతో మొదలుపెట్టినట్టు, విషపు నీటిని కొంచెం కొంచెంగా అలవాటు చేస్తారు. రోజూ లీటరు కొలపాత్రలో ఆ బురదనీటిని పోసి అరగంట ఆగి చూడండి. గోధుమరంగు బురద గుత్తంగా అడుక్కి దిగి, పైన నీరు తేటపడితే అంతా క్షేమం. పైన మబ్బు కమ్మినట్టుంటే రాత్రి ఏదో పడిందన్నమాట. ఖరీదైన మీటర్లు ఉండనివ్వండి, నేను ముందుగా నమ్మేది ఆ గాజుపాత్రనే.

ఈ తట్టుకునే గుణానికి భయపడాల్సిన ముఖం కూడా ఉంది. మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా, ఆ విద్యను ప్లాస్మిడ్లనే డీఎన్ఏ ముక్కల ద్వారా పక్కవాటికీ అందించగలదు. మందు అవశేషాలను ఫ్యాక్టరీ గడప దాటకముందే ఆపాలి తప్ప, ఉమ్మడి ట్యాంకు మీదికి నెట్టకూడదు.

మీలో కొందరు రేపు ఇలాంటి ప్లాంట్లలో షిఫ్టు ఇంజనీర్లవుతారు. మురుగును ముందుగా కలిపి సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంకు నిండిపోయింది, నీళ్లను నేరుగా వదిలేయమని అర్ధరాత్రి ఫోన్ వస్తే కుదరదని చెప్పండి, కారణం లాగ్‌బుక్‌లో రాయండి. కింది ఊళ్లవాళ్లు వచ్చి అడిగితే ఆ పుస్తకం తెరిచి, హల్బీలోనో గోండీలోనో వాళ్లకు అర్థమయ్యేలా చదివి వినిపించండి.