పెరటి కోళ్ళు - పక్కింటివాళ్ళు
(పెరటి తోటల వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

బీరపాదుల గురించి, కరివేపాకు మొక్కని చలికాలం దాటించడం గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నాకిచ్చిన అంశం కాస్త గోల చేసే అంశం. కోళ్ళు! సియాటిల్‌లో మా ఇంటి వెనక నాలుగు పెట్టలున్నాయి. వృత్తి సాఫ్ట్‌వేరు. నేను కోళ్ళ డాక్టర్నీ కాను, లాయర్నీ కాను. ఆరేళ్ళుగా వాటి వెనక తిరిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

మన ఊళ్ళల్లో కోడిని పెంచడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పొద్దున్నే గంప ఎత్తితే వీధంతా తిరిగి, ఎవరి వాకిట్లోనో నాలుగు గింజలు ఏరుకుని, చీకటి పడేసరికి ఇల్లు చేరతాయి. పక్కింటివాళ్ళ కోళ్ళు మన మెంతికూర మడి గీకేస్తాయి. కాసేపు తిట్టుకోవడం, మర్నాటికి మర్చిపోవడం మామూలే. ఎందుకంటే అందరికీ కోళ్ళున్నాయి. ఇబ్బంది కూడా ఇచ్చిపుచ్చుకునే వ్యవహారమే. ఇక్కడ అలా కాదు. వీధిలో ఇరవై ఇళ్ళుంటే కోళ్ళుండేది మన ఒక్క ఇంట్లోనే. గుడ్లు మనకి, చప్పుడూ వాసనా వాళ్ళకి! ఈ లెక్క సరిచెయ్యడమే పట్నంలో కోళ్ళ పెంపకం. మిగిలినదంతా దాణా, నీళ్ళూ.

ముందు చట్టం సంగతి. సియాటిల్‌లో ఇంటికి మూడు కోళ్ళన్న పరిమితిని 2010లో ఎనిమిదికి పెంచారు. ఆ సవరణలోనే కొత్తగా పుంజులు తేవడాన్ని నిషేధించారు. కోళ్ళ గూడు పక్కవాళ్ళ ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. విస్కాన్సిన్‌లోని మాడిసన్ నగరం 2004లో ఇంటికి నాలుగు పెట్టలు ఉండొచ్చంది. న్యూయార్క్ నగరంలో పెట్టలు సరేగాని పుంజులు కూడదు. రోడ్డుకి ఇవతల ఒక రూలు, అవతల ఇంకో ఊరు కాబట్టి ఇంకో రూలు ఉండొచ్చు. అందుకని మీ సిటీ నిబంధనలు మీరే చదవండి. అక్కడితో అయిపోలేదు. మనవాళ్ళు చాలామంది ఉండేది హెచ్.ఓ.ఏ. ఉన్న కాలనీల్లో. సిటీ సరేనన్నా, ఇల్లు కొన్నప్పుడు మనం సంతకం పెట్టిన హెచ్.ఓ.ఏ. కాగితాల్లో కోళ్ళు వద్దని ఉంటే వద్దనే అర్థం.

ఇక పుంజు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సామెత మనందరికీ తెలుసు. ఆ ముసలమ్మ అమెరికాలో ఉండి ఉంటే, తెల్లవారకముందే సిటీ నుంచి నోటీసు వచ్చేది! పుంజు వెలుతురు చూసి కూస్తుందనుకుంటాం గాని, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉందని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నిరూపించారు. రోజంతా మసక వెలుతురులో ఉంచినా తెల్లవారే వేళకే కూశాయట. కాబట్టి గూటికి నల్లగుడ్డ కప్పితే ఊరుకుంటుందన్న ఆశ పెట్టుకోకండి. డేగా, కాకీ, నెమలీ అని దూరం నుంచే పుంజు రంగు చెప్పగల గోదావరి జిల్లాల మిత్రులు నన్ను క్షమించాలి.

పుంజు లేకపోతే గుడ్లెలా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. గుడ్డు పెట్టడానికి పెట్టకి పుంజుతో పనిలేదు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆడవని హామీ ఇచ్చి అమ్మే పిల్లల్లో కూడా పదింట ఒకటి పుంజు అయ్యే అవకాశం ఉంటుంది. ఏరకుండా కలిపి అమ్మేవాటిలో అయితే సగానికి సగం. అది కూత మొదలుపెట్టే నాటికి పిల్లలు దానికి పేరు కూడా పెట్టేసి ఉంటారు. పుంజు వస్తే తీసుకునే పల్లెటూరి రైతుని కొనకముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. కోడిపిల్లల్ని తెచ్చాక కాదు, తేకముందే పక్కిళ్ళ తలుపు తట్టండి. మన ఆఫీసుల్లో కోడు రాసే ముందు డిజైన్ రివ్యూ ఉంటుంది కదా, అలాంటిదే ఇదీ. నేను కాగితం మీద గూడు బొమ్మ గీసుకుని మూడిళ్ళకి వెళ్ళాను. ఎడమవైపు ఇంటావిడ నర్సు, రాత్రి డ్యూటీ. పొద్దున ఎనిమిదికి వచ్చి పడుకుంటుంది. పెట్టలు ఎక్కువగా గుడ్లు పెట్టేది ఆ వేళల్లోనే. పెట్టిన ప్రతిసారీ ఏదో ఘనకార్యం చేసినట్టు కొన్ని నిమిషాలు అరుస్తాయి. గూడుని పెరడు ఆ చివరికి, గరాజు గోడ చాటుకి మార్చాను. చట్టం చెప్పిన 10 అడుగులు ఆవిడ నిద్ర సంగతి చెప్పవు. అది ఆవిడే చెప్పాలి, మనం అడగాలి.

కుడివైపు పెద్దాయన ఒకటే అడిగారు: “ఎలకలొస్తాయా?” నిజం చెప్పాలి. కోళ్ళకోసం ఎలకలు రావు, దాణాకోసం వస్తాయి. దాణా మూతున్న ఇనప డబ్బాలో ఉండాలి. చీకటి పడగానే దాణా గిన్నె లోపల పెట్టెయ్యాలి. అన్నం మెతుకులు, నూకలు పెరట్లో వెదజల్లే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. గూటికి కోళ్ళ జాలీ అని అమ్మే పల్చటి తీగ సరిపోదు. అది కోడిని లోపల ఉంచుతుందిగాని రాకూన్‌ని బయట ఉంచలేదు. అర అంగుళం కళ్ళున్న గట్టి ఇనప జాలీ వాడండి. గొళ్ళెం కూడా రెండు పనులు చేస్తేగాని తెరుచుకోనిది పెట్టండి. రాకూన్ చేతులు మన పిల్లల చేతుల్లాంటివి.

వాసన కోడిది కాదు, తడిసిన రెట్టది. గూట్లో కోడికి 4 చదరపు అడుగులు, బయట తిరగడానికి 10 చదరపు అడుగులు ఉండాలన్నది పెంపకందారుల లెక్క. ఇరుకైతే రెట్ట పేరుకుంటుంది, అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కూడా. కింద చెక్కపొట్టు పొడిగా ఉంచి, తడిసినప్పుడల్లా తీసి కంపోస్టులో వెయ్యండి. సియాటిల్ లాంటి వానల ఊళ్ళో పైకప్పు తప్పనిసరి.

ఇక ఖర్చు. బర్డ్ ఫ్లూ మూలంగా 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు చాలామంది మిత్రులు ఫోన్లు చేశారు. వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. డబ్బు మిగులుతుందని కోళ్ళు పెంచకండి. పెట్ట రోజుకి పావు పౌను దాణా తింటుంది. నాలుగు పెట్టలకి 50 పౌన్ల బస్తా 50 రోజులొస్తుంది. అది పెద్ద ఖర్చు కాదు. గూడు కట్టే ఖర్చు తేలడానికే ఏళ్ళు పడుతుంది. పిల్ల పెట్టయి గుడ్డు పెట్టడానికి అయిదారు నెలలు, చలికాలం పగలు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి.

ఆరోగ్యం విషయంలో మొహమాటం వద్దు. పెరటి కోళ్ళ ద్వారా వచ్చిన సాల్మొనెల్లా కేసులు 2020లో ఈ దేశంలో 1,722 నమోదయ్యాయి. కోడిని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. 2022 నుంచి బర్డ్ ఫ్లూ అడవిపక్షుల ద్వారా పెరటి కోళ్ళకీ వస్తోంది. బాతులు వాలే నీళ్ళకి మన కోళ్ళని దూరంగా ఉంచాలి. కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే దాచకుండా రాష్ట్ర వ్యవసాయశాఖకి చెప్పాలి. అది పొరుగువాళ్ళ పట్ల కూడా మన బాధ్యత.

ఎవరూ ముందు ఆలోచించని సంగతి ఇంకొకటి. పెట్ట రెండు మూడేళ్ళు బాగా గుడ్లు పెడుతుంది. బతికేది ఆరేడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తర్వాత ఏం చేస్తారు? కూర వండుకుంటామంటే అది మీ ఇష్టం, కాని కోడిని కొయ్యడం గురించి మీ సిటీ ఏమంటుందో చూడండి. పేరు పెట్టి పిలిచే పిల్లల్ని కూడా అడగండి. మా ఇంట్లో అందరం కూర్చుని ముసలి పెట్టల్ని ఉంచుకోవాలనే తీర్మానించాం. ఇప్పుడున్న నాలుగింటిలో రెండు పింఛను మీద ఉన్నాయి.

చివరిగా లాభం సంగతి చెప్పి ముగిస్తాను. గుడ్లు ఒక్కటే కాదు. నర్సు గారికి వారానికి అరడజను గుడ్లు వెళతాయి. వెనకింటి తెలుగువాళ్ళు గుడ్డు ముట్టరు. వాళ్ళకి బాగా మాగిన కోళ్ళ ఎరువు ఇస్తాం. పచ్చి రెట్ట వేస్తే మొక్క మాడిపోతుంది, మాగనిస్తే వంకాయకి అంతకన్నా బలం లేదు. ఆ వంకాయలు తిరిగి మా ఇంటికే వస్తాయి. మేము నెల్లాళ్ళు ఇండియా వెళితే గూటి తలుపు తీసి వేసేది కుడివైపు పెద్దాయన మనవరాలు. ఆ నెల గుడ్లన్నీ ఆ పిల్లవే. చాలా వీధుల్లో మనం కారు దిగకుండానే గరాజులోకి వెళ్ళిపోతాం, పక్కింటి వాళ్ళ పేరు తెలియకుండానే ఏళ్ళు గడుస్తాయి. ఊళ్ళో కోడి కంచె దూరి ఇళ్ళని కలిపేది. ఇక్కడ అది కంచె దాటకూడదు. దాని తరఫున మనమే దాటాలి.

కోడిపిల్లలు కొనాలనుకుంటున్నవాళ్ళు ఈ సభలు ముగించుకుని ఇంటికి వెళ్ళగానే దుకాణానికి కాదు, ముందు పక్కింటికి వెళ్ళండి. వాళ్ళు వద్దంటే ఎందుకు వద్దంటున్నారో ఓపిగ్గా వినండి.