దారి లేని దేశమున ఇద్దఱు బాటసారులు



యాత్రలు మన తెలుగువారికి క్రొత్త కావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరుసటి యేట తిరిగి వచ్చి, తాము చూచిన యూళ్ళను, నదులను, సత్రములను దినచర్యగా వ్రాసి యుంచిరి. వారి వెంట పెద్ద పరివారముండెను. నడచుటకు దారి యుండెను. నేడు నేను మనవి చేయబోవునది దారియు, ఊరును, సత్రమును లేని యొక దేశమున మేమిద్దఱు మిత్రులము చేసిన కాలినడకను గూర్చి. అందు పుణ్యమేమియు లేదు. కాని యిద్దఱు మనుష్యులు ఒకరినొకరు నమ్ముకొని నడచుట యనగా నేమో నాకు అచ్చటనే బోధపడెను.

ఆ దేశము అలాస్కా. అమెరికావారు దానిని రష్యా చక్రవర్తియొద్ద 1867లో కొనిరి. 1959లో అది వారి రాష్ట్రములలో నలువదితొమ్మిదవది యయ్యెను. దాని యుత్తరభాగమున తూర్పు పడమరలుగా బ్రూక్సు అను పర్వతపంక్తి రమారమి 1,100 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. ఆ కొండలలో సుమారు 84 లక్షల యెకరముల భూమిని 1980లో ప్రభుత్వమువారు రక్షితవనముగా నేర్పఱచిరి. 'ఉత్తర ధ్రువ ద్వారములు' అని దాని పేరు. ఆ పేరు పెట్టినవాడు రాబర్టు మార్షలు అను అటవీశాస్త్రజ్ఞుడు. ఆయన 1929 మొదలు అచ్చట సంచరించి, కొయుకుక్ నదియొక్క యుత్తరపు పాయకు ఇరుప్రక్కల ఎదురెదురుగా నిలిచిన రెండు శిఖరములను చూచి, వానిని ద్వారమునకు రెండు ప్రక్కలుగా భావించెను. ఆ వనమున నేటికిని బండిదారి లేదు. మనుష్యులు వేసిన కాలిబాటయు లేదు.

ఆ ప్రదేశమంతయు 66½ అంశముల అక్షాంశరేఖకు ఉత్తరముననే యున్నది. కావున వేసవిలో కొన్ని వారములు సూర్యుడస్తమింపడు. మేము పోయినది జూలై మొదటి దినములలో. అర్ధరాత్రివేళ సూర్యుడు ఉత్తరదిక్కున కొండలమీదుగా మెల్లగా జరుగుచుండెను. సాయంసంధ్య వార్చువారికి అచ్చట సంధ్యయే దొరకదు.

నా మిత్రుడు నా బాల్యస్నేహితుడు. ఇద్దఱమును గోదావరి యొడ్డున ఒకే గ్రామమున పుట్టి, ఉద్యోగములనిమిత్తము అమెరికా చేరినవారము. చిన్న విమానములో అనక్టువుక్ కనుమయను పల్లెలో దిగితిమి. కారిబూ యను దుప్పుల పెంటికలున్న చోటు అని ఆ పేరునకర్థము. మన యూళ్ళ పేర్లకును ఇట్టి కథలు లేకపోలేదు. అచ్చటివారు నునామియుట్ అను జాతివారు. వారు తరతరములుగా కారిబూ మందలవెంట తిరిగి, 1950 ప్రాంతమున ఆ కనుమలో స్థిరపడిరి. వారికి ఆ దుప్పి మాంసమే అన్నము, పూర్వము దాని చర్మమే వస్త్రము. ఆ పర్వతముల పశ్చిమభాగమున తిరుగు పెద్దమంద 2003లో దాదాపు 4,90,000 ఉండగా, 2023 నాటికి సుమారు 1,52,000కు తగ్గెను. మనకు వానలు తప్పుట యెట్టిదో వారికి మంద తగ్గుట అట్టిది.

పండ్రెండు దినముల తిండి, గుడారము, దుప్పట్లు కలిపి ఒక్కొక్కరి వీపుమీద ఇంచుమించు ఇరువదియైదు కిలోల బరువు. తిండిని ఎలుగుబంట్లు తెఱవలేని గట్టి డబ్బాలలో పెట్టి, రాత్రులందు గుడారమునకు నూఱు గజముల దూరమున నుంచవలెను. పొదలలో నడచునప్పుడు ఎలుగు అదరిపడి మీదికి రాకుండుటకై బిగ్గఱగా మాటాడుచు పోవలెను. ఎలుగు కనబడినచో పరుగెత్తరాదు. మేము వినిపించిన మాటలన్నియు తెలుగే. ఆ కొండలయందలి యెలుగులకు మా యూరి భూమి తగవులన్నియు తెలిసియుండును.

ఇక నేల సంగతి. పైన ఒక మూరెడో రెండు మూరలో మాత్రమే వేసవిలో కరగును. దాని క్రింద వేలయేండ్లుగా గడ్డకట్టిన నేల. నీరు ఇంకుటకు తావులేక పైననే నిలుచును. ఆ బురదలో తలకాయలవలె గడ్డిదుబ్బులు లేచియుండును. దుబ్బుమీద అడుగు పెట్టినచో అది ప్రక్కకు ఒరగును. నడుమ పెట్టినచో కాలు దిగబడును. దోమలు మేఘములుగా ముసురును. దినమంతయు నడచినను పది కిలోమీటర్లు సాగుట గొప్ప. ఇప్పుడు ఆ గడ్డకట్టిన నేలయు కరగుచున్నది. అందలి యినుము మొదలగు ధాతువులు నీటిలో కలసి, నిర్మలములైన యేఱులు పెక్కింటిని నారింజవన్నెకు మార్చినవని శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిరి.

బయలుదేరుటకు ముందే మేమొక కట్టడి చేసికొంటిమి. ఇద్దఱిలో ఎవడు 'వలదు' అన్నను, రెండవవాడు వాదింపక ఆగవలెను. ఎనిమిదవ దినమున ఆ కట్టడికి పరీక్ష వచ్చెను.

ఆ రాత్రి యెడతెగక వాన కురిసెను. నేల నీటిని పీల్చదు గనుక కురిసినదంతయు వెంటనే యేటిలోనికి పోవును. ముందునాడు మోకాలిబంటి కనబడిన యేఱు తెల్లవారునప్పటికి ఎఱ్ఱగా పొంగి పారుచుండెను. అడుగున రాళ్ళు దొర్లు చప్పుడు ఒడ్డునకు వినబడుచుండెను. ఆవలిగట్టుకు రెండు దినముల నడకలో నొక సరస్సు కలదు. పండ్రెండవ దినమున విమానము మమ్ము తీసికొనిపోవుటకు అచ్చటనే దిగవలెను.

నా మిత్రుడు, "ఏమోయి, గోదావరిలో ఈదినవారము. ఈ కాలువకు జంకుదుమా?" అనెను.

నేను వలదంటిని. మన గోదావరి నీరు వెచ్చనిది. మునిగినవాడు కొంతసేపు ఈదగలడు. ఇది క్రొత్తగా కరగిన మంచు. అందు పడినవానికి కొలది నిమిషములలోనే కాలుసేతులు స్వాధీనము తప్పును. ఉపగ్రహముద్వారా వార్త పంపు చిన్న యంత్రము మాయొద్ద నుండెను. కాని మబ్బు దిగియున్నప్పుడు విమానము రాజాలదు. వార్త చేరినను ప్రాణము నిలుచుననుట కల్ల.

అతడు వాదింపలేదు. కాని ఒకపూట నాతో మాటాడను లేదు. మిగిలిన తిండిని ఎక్కువ దినములకు సరిపడునట్లు చిన్న భాగములు చేసితిమి. ఆ సాయంకాలమున అతడే లేచి, నీటియంచున ఒక రాయి నిలిపి వచ్చెను. గంటకొకమాఱు పోయి చూచుచుండెను. మొదట రాయి మునిగెను. తెల్లవాఱుజామున దాని తల కనబడెను. మఱునాటి మధ్యాహ్నమునకు అది పొడినేలమీద నుండెను.

అప్పుడు దాటితిమి. ఇఱుకైన చోట నీరు లోతు. కావున ఏఱు వెడల్పై పాయలుగా చీలిన చోటు వెదకితిమి. పడినచో మూట మనిషిని ముంచకుండుటకై నడుముపట్టీలు విప్పితిమి. బూట్లు విప్పలేదు. అతడు కఱ్ఱ ఊని ప్రవాహమున కెదురుగా ముందు నిలిచెను. నేను వెనుక అతని మూట పట్టుకొంటిని. నట్టేట నా కాలిక్రింద రాయి దొర్లెను. నీరు నన్ను నడుమువఱకు లాగెను. అతడు పాతిన స్తంభమువలె కదలక నిలిచెను. నాకు అడుగు దొరకువఱకు అట్లే యుండి, పిదప ముందుకు సాగెను.

ఒడ్డు చేరి, వణకుచు బట్టలు పిండుకొనునప్పుడు, "ఇది నిన్న అయియుండినచో?" అని అతడనెను. అంతకుమించి ఆ సంగతి మేమెన్నడును మాటాడలేదు. విమానము వచ్చువేళకు సరస్సు చేరితిమి.

అయ్యలారా, ఉమ్మడి పనులలో సాహసియైనవాని మాట చెల్లుట లోకమున సాధారణము. కాని ఆలస్యమువలన పోవునది ఒకపూట కూడు, తొందరవలన పోవునది ప్రాణము అయినప్పుడు, వలదన్నవాని మాటకే విలువ హెచ్చు. ఆ మాట చెప్పుటకు నాకు పెద్ద ధైర్యము అక్కఱలేకపోయెను. బలముండియు, ఈత వచ్చియు, మఱియొకని మాటకు కట్టుబడి ఒడ్డున కూర్చుండుటకే ధైర్యము కావలెను. అది నా మిత్రునిది. ఆ బలమే మఱునాడు నట్టేట నన్ను నిలిపెను.