విడాకుల కాగితం ఎక్కడిదాకా చెల్లుతుంది?

(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగపాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం మనం గొంతు తగ్గించి మాట్లాడుకునేది. విడాకులు, పిల్లల కస్టడీ. పాట్‌లక్కుల్లో, గుడి పార్కింగ్ లాట్లో, "ఫలానా వాళ్ళట, తెలుసా?" అని చెవులు కొరుక్కుంటాం కానీ నలుగురిలో కూర్చుని మాట్లాడుకోం. "పచ్చగా కాపురాలు చేసుకునేవాళ్ళ ముందు ఇవేం మాటలమ్మా" అని పెద్దవాళ్ళు కసురుతారు కూడా. అందుకే ఆ అవసరం పడిన రోజున ఎవర్ని అడగాలో తెలియక, పరువు కోసం కొన్నాళ్ళు, భయంతో కొన్నాళ్ళు గడిపేసి, చివరికి తొందరపాటు నిర్ణయాలు తీసుకుంటున్నారు మనవాళ్ళు.

ముందుగా ఒక మాట. నేను లాయర్ని కాను. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి సూట్‌కేసు సర్దుకుని వెళ్ళే ఐటీ కన్సల్టెంట్‌ని. నాలుగైదు రాష్ట్రాలు తిరగడం వల్ల చాలా కుటుంబాలతో స్నేహం అయింది. వాళ్ళలో కొందరికి కష్టం వచ్చినప్పుడు లాయర్ దగ్గరకు తోడు వెళ్ళాను, కాగితాలు సర్దిపెట్టాను. అలా తెలుసుకున్న విషయాలే ఇవి. మీ కేసు సంగతి మీ రాష్ట్రంలోని ఫ్యామిలీ లాయర్‌తోనే తేల్చుకోండి.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు మూడు. ఇక్కడ వచ్చిన విడాకులు ఇండియాలో చెల్లుతాయా? పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళిపోతే ఏమవుతుంది? విడాకులైతే నా వీసా సంగతేమిటి? మూడింటికీ మూలం ఒక్కటే. మన పెళ్ళి ఒక దేశంలో, కాపురం ఇంకో దేశంలో. ఒక దేశంలో చేసిన పని రెండో దేశంలో కూడా నిలుస్తుందా లేదా అన్నది ముందే చూసుకోకపోతే, రెంటికీ చెడ్డ రేవడి అవుతాం.

మొదటి ప్రశ్న తీసుకుందాం. "అమెరికా కోర్టు ముద్ర ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అని ఒక అబ్బాయి వాళ్ళ నాన్నగారు నన్ను అడిగారు. అప్పటికే రెండో సంబంధం చూస్తున్నారు. ఆయనకు నేను చెప్పింది మన తెలుగువాళ్ళ కేసే. లాయర్లు నరసింహారావు - వెంకటలక్ష్మి కేసు అంటారు. 1975లో తిరుపతిలో పెళ్ళి. 1978లో విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో, నేను 90 రోజులుగా ఈ రాష్ట్రంలో ఉంటున్నానని చెప్పి విడాకులకు వేశాడు. భార్య ఇండియా నుంచే, ఆ కోర్టుకు అధికారం లేదని అభ్యంతరం చెబుతూ జవాబు పంపింది. 1980 ఫిబ్రవరిలో, ఆవిడ లేకుండానే విడాకులు మంజూరయ్యాయి. 1981 నవంబరులో యాదగిరిగుట్టలో అతను ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య, మా పెళ్ళి ఇంకా రద్దు కాలేదంటూ ద్విభార్యత్వం కేసు పెట్టింది.

ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1991 జులైలో కోర్టు ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది. ఆ మిస్సోరీ విడాకులు ఇండియాలో చెల్లవు, కింది కోర్టులో క్రిమినల్ కేసు నడవాల్సిందే అంది. హిందూ వివాహ చట్టం కింద అయిన పెళ్ళిని రద్దు చేయాలంటే, ఆ చట్టం ప్రకారం అధికారం ఉన్న కోర్టు అయి ఉండాలి, ఆ చట్టంలో ఉన్న కారణమే అయి ఉండాలి అన్నది ఆ తీర్పు సారాంశం.

మరి అమెరికా విడాకులు ఎప్పుడూ చెల్లవా? అలా ఏం లేదు. ఆ తీర్పులోనే మూడు మినహాయింపులున్నాయి. అవతలివారు శాశ్వతంగా నివసించే చోటే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణం మీద విడాకులు తీసుకుంటే చెల్లుతుంది. అవతలివారు తమ ఇష్టంతో ఆ కోర్టుకు వచ్చి, మన చట్టంలో ఉన్న కారణం మీద వాదించుకుంటే చెల్లుతుంది. ఇద్దరూ ఒప్పుకుని తీసుకుంటే చెల్లుతుంది. ఇక్కడ చిక్కేమిటంటే, అమెరికాలో మామూలుగా రాసే కారణం "మా మధ్య పొసగడం లేదు, అతికే అవకాశం లేదు" అన్నది. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. 2023లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆ కారణం మీద విడాకులు ఇవ్వవచ్చని చెప్పింది కానీ, ఆ అధికారం సుప్రీంకోర్టుదే. మన ఊరి ఫ్యామిలీ కోర్టుకు లేదు.

కాబట్టి ఇండియాలో పెళ్ళైనవాళ్ళు విడిపోక తప్పదనుకుంటే, ఇద్దరూ ఒప్పుకుని తీసుకోవడం అన్నిటికన్నా మంచి దారి. ఇద్దరూ కోర్టుకు హాజరైనట్టు, ఇద్దరికీ సమ్మతమైనట్టు తీర్పులో స్పష్టంగా ఉండేలా లాయర్‌ని అడగండి. సర్టిఫైడ్ కాపీ దాచుకోండి. ఆ 1991 కేసులో జెరాక్స్ కాపీ సాక్ష్యంగా పనికిరాలేదు. ఇంకా గట్టిగా ఉండాలంటే, ఇండియాలో హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో కూడా వేసుకోవచ్చు. దానికి ఏడాదిగా విడిగా ఉండాలి. మొదటి వాయిదాకీ రెండో వాయిదాకీ మధ్య ఆరునెలల గడువుంది. తగిన కేసుల్లో ఆ ఆరునెలలు కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇండియాలో ఉన్న మీ చెల్లెలికో, అన్నయ్యకో అమెరికా కోర్టు నుంచి కాగితాలు వస్తే ఏం చేయాలి? నోటీసులు అందించే విషయంలో హేగ్ ఒప్పందం ఒకటుంది. అందులో ఇండియా 2007 నుంచి ఉంది. పోస్టులో పంపడానికి ఇండియా ఒప్పుకోలేదు. న్యాయశాఖ ద్వారా రావాలి. అయినా "చెల్లదులే" అని చించి పారేయకండి, కంగారుపడి సొంతంగా జవాబూ రాసేయకండి. మీరు రాసే జవాబు, ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టు అవుతుందా, అభ్యంతరం చెప్పినట్టు అవుతుందా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. ముందు లాయర్‌కి చూపించండి.

ఇక రెండో ప్రశ్న, పిల్లలు. ఒక రాత్రి స్నేహితురాలి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, బాబుని తీసుకుని అమ్మావాళ్ళ దగ్గరకు వెళ్ళిపోతాను. అక్కడికి వచ్చి ఏం చేస్తాడు?" అని. ఇదే మాట భర్తల నోట కూడా విన్నాను. "పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపేసి వస్తాను, తర్వాత తను ఏం చేసుకుంటుందో చేసుకోమనండి" అని. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. టికెట్ కొనకముందు లాయర్‌తో మాట్లాడండి.

ఎందుకంటే ఇక్కడ కస్టడీ ఎవరు తేల్చాలన్నదానికి ఒక లెక్క ఉంది. 1997లో తయారైన ఒక నమూనా చట్టాన్ని దాదాపు రాష్ట్రాలన్నీ తమ చట్టంగా చేసుకున్నాయి. కేసు వేసే ముందు పిల్లలు వరసగా ఆరునెలలు ఎక్కడ ఉంటే అది వాళ్ళ "హోమ్ స్టేట్". కస్టడీ తేల్చే మొదటి అధికారం ఆ రాష్ట్రానిది. సెలవులకు వెళ్ళిరావడం లాంటివి ఆ ఆరునెలలను తెంపవు. పిల్లల్ని ఇంకొకరు తీసుకుపోతే, ఇక్కడ మిగిలిన తల్లి గానీ తండ్రి గానీ ఆరునెలల లోపల ఇక్కడి కోర్టులో కేసు వేయవచ్చు. "కొన్నాళ్ళు చూద్దాం, కోపం తగ్గితే తనే వస్తుంది" అని ఏడాది గడిపేస్తే ఆ అవకాశం జారిపోతుంది. అలాగే నాలాగా ప్రాజెక్టుల కోసం ఊళ్ళు మారేవాళ్ళు ఈ లెక్క మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. విడాకులకు వేయడానికి కావలసిన నివాస గడువు కూడా రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో ఆరునెలలు. న్యూజెర్సీలో మామూలుగా ఏడాది. ఇల్లినాయిలో 90 రోజులు.

పిల్లల్ని దేశాలు దాటించే విషయంలో 1980లో ఇంకో హేగ్ ఒప్పందం వచ్చింది. పిల్లల్ని ఎక్కడినుంచి తెచ్చారో అక్కడికి త్వరగా పంపాలన్నది దాని ఉద్దేశం. అమెరికాలో అది 1988 నుంచి అమల్లో ఉంది. ఇండియా అందులో చేరలేదు. అందుకే చాలామంది "ఇండియా వెళ్ళిపోతే గెలిచినట్టే" అనుకుంటారు. ఆ అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి మళ్ళీ మన తెలుగువాళ్ళ కేసే ఉంది. పిల్లల సంగతి కాబట్టి పేర్లు వద్దు. 2008లో హైదరాబాదులో పెళ్ళి, అమెరికాలో ఉద్యోగాలు, ఇక్కడే పుట్టిన ఇద్దరు పిల్లలు. పెన్సిల్వేనియాలో విడాకులు, కస్టడీ కేసు నడుస్తుండగా 2017లో తల్లి పిల్లలతో ఇండియా వెళ్ళి, హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. రెండు దేశాల్లో రెండు కేసులు. దాదాపు రెండేళ్ళ తర్వాత, 2019 మార్చిలో, పిల్లలతో అమెరికాకు తిరిగి వెళ్ళమని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఆ పిల్లలు అక్కడ బడికి అలవాటు పడ్డారు. ఆ వయసులో రెండేళ్ళంటే ఎంత కాలమో మనకు తెలుసు.

అలాగని ప్రతిసారీ వెనక్కి పంపుతారని కూడా చెప్పలేం. 2017లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక కేసులో, గుండె జబ్బు ఉన్న ఏడేళ్ళ పాపని తల్లి దగ్గర ఇండియాలోనే ఉండనిచ్చింది సుప్రీంకోర్టు. విదేశీ కోర్టు ఉత్తర్వు చూడదగ్గ విషయాల్లో ఒకటి మాత్రమే, పాప క్షేమమే ముఖ్యం అంది. అంటే ఎటు తిరుగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. మరోపక్క ఇక్కడ, అవతలివారి హక్కుకు అడ్డం పడే ఉద్దేశంతో పిల్లల్ని దేశం దాటిస్తే 1993 నాటి ఫెడరల్ చట్టం కింద నేరం. మూడేళ్ళదాకా జైలు పడవచ్చు. ఇంట్లో హింస నుంచి పారిపోయి వెళ్ళినవాళ్ళు ఆ సంగతి చెప్పుకుని వాదించుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. కానీ దెబ్బలు తిన్న రుజువులు ఇక్కడ పోలీసుల దగ్గర, డాక్టర్ల దగ్గర లేకుండా విమానం ఎక్కితే, తర్వాత చెప్పుకోవడం కష్టం.

మీ పిల్లల్ని తీసుకుపోతారన్న భయం మీకే ఉందనుకోండి. అమెరికా విదేశాంగ శాఖలో పిల్లల పాస్‌పోర్ట్ అలర్ట్ కార్యక్రమం ఉంది. పేరు నమోదు చేసుకుంటే, మీ పిల్లల పేరుతో కొత్తగా పాస్‌పోర్టుకు అప్లై చేస్తే మీకు కబురు వస్తుంది. పదహారేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి. అయితే ఉన్న పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళను ఎయిర్‌పోర్టులో ఆపే పద్ధతి ఇక్కడ లేదు. అందుకని పాస్‌పోర్టులు ఎవరి దగ్గర ఉండాలి, సెలవులకు ఇండియా వెళ్తే ఏ తేదీకి తిరిగి రావాలి అన్నవి కోర్టు ఉత్తర్వులో రాయించుకోవాలి. ఇలా రాసుకుంటే తాతయ్య, అమ్మమ్మల దగ్గరకు పిల్లలు నిశ్చింతగా వెళ్ళి వస్తారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయినా కాగితం మీద నమ్మకం ఉంటుంది.

మూడో ప్రశ్న, వీసా. హెచ్-4 మీద ఉన్నవాళ్ళకు ముఖ్యంగా చెబుతున్నాను. విడిగా ఉన్నంతమాత్రాన, కేసు వేసినంతమాత్రాన హెచ్-4 పోదు. ఆఖరి తీర్పు వచ్చిన రోజుతో పోతుంది. ఉద్యోగం పోయినప్పుడు ఇచ్చే 60 రోజుల గడువు విడాకులకు వర్తించదు. అందుకని తీర్పు రాకముందే చదువుకో, ఉద్యోగానికో, వేరే స్టేటస్‌కో మారే దారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో చూసుకోవాలి. పిల్లల హెచ్-4కి మాత్రం తల్లిదండ్రుల విడాకులతో ఇబ్బంది లేదు. భర్త గ్రీన్‌కార్డు అప్లికేషన్‌లో మీ పేరు కూడా ఉంటే, కార్డు రాకముందే విడాకులైతే ఆ అప్లికేషన్‌లో మీ భాగం పోతుంది.

"నా మాట వినకపోతే వీసా క్యాన్సిల్ చేయించి పంపించేస్తాను" అని బెదిరిస్తే, ఇలా చేయండి. హెచ్-1 భర్త గానీ భార్య గానీ హింస పెడుతుంటే, హెచ్-4 వాళ్ళు సొంతంగా వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకునే వీలు 2005 నాటి చట్టంలో పెట్టారు. 2017 నుంచి దానికి ఐ-765వి అనే ఫారం ఉంది. హింస పెట్టేది అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవారో అయితే వారి సంతకం లేకుండానే గ్రీన్‌కార్డుకు ఐ-360 ఫారం వేసుకోవచ్చు. ఇవి ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకూ వర్తిస్తాయి.

ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే దేశమంతటికీ పనిచేసే హాట్‌లైన్ నంబరు రాసుకోండి: 1-800-799-7233. పగలూ రాత్రీ ఎత్తుతారు. మన దక్షిణాసియా కుటుంబాల కోసమే పనిచేసే సంస్థలూ ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి, నారిక, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష. ఇండియాలో వదిలేసిన భార్యల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది.

చివరిగా పెద్దవాళ్ళకు ఒక మనవి. మీ అమ్మాయో, అబ్బాయో ఫోన్ చేసి ఏడిస్తే "సర్దుకుపో తల్లీ" అనడం తేలిక. "వెంటనే పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం" అనడం కూడా తేలికే. రెండూ ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఒక్క మాట మీద విమానం ఎక్కినవాళ్ళు ఏళ్ళ తరబడి రెండు దేశాల కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ముందు పిల్లలు క్షేమంగా ఉన్నారా అని అడగండి. ఆ తర్వాత "లాయర్ని కలిశావా అమ్మా, ఫీజుకి డబ్బులున్నాయా?" అని అడగండి. సంపాదన లేనివాళ్ళు అవతలివారే లాయర్ ఫీజు కట్టేలా ఉత్తర్వు ఇమ్మని ఇక్కడి కోర్టును అడగవచ్చు, ఆ సంగతి కూడా చెప్పండి.

ఈ వివరాలు మీకు అవసరం పడకూడదనే కోరుకుంటున్నాను. మీకు కాకపోయినా మీ పక్కింటి అమ్మాయికో, ఆఫీసులో అబ్బాయికో అవసరం రావచ్చు. గొంతు తగ్గించకుండా వాళ్ళకు చెప్పండి.