ఇళ్ల లాటరీ: చీటీ తీయకముందే ఓడుతున్న పేదలు
(గృహహక్కుపై ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇళ్ల దరఖాస్తులు నింపిపెట్టే పనిలో మేము కొందరం కొన్నేళ్లుగా ఉన్నాము. మసీదు పక్క గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఫోను. ఇదే మా సరంజామా. ఆ బల్ల ముందుకు వచ్చేవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "భాయ్, మా పేరు ఎప్పుడు వస్తుంది?" ఈ ప్రశ్నకు మా వద్ద నేటికీ జవాబు లేదు. జవాబు ఎందుకు లేదో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలిచాము.

ముందు లెక్కలు చూద్దాం. తెలంగాణలో రెండు పడకగదుల ఇళ్ల పథకం 2015లో మొదలైంది. ఒక్కొక్క ఇల్లు 560 చదరపు అడుగులు. లబ్ధిదారు కట్టవలసిన వాటా లేదు, బ్యాంకు అప్పు లేదు, పట్టా ఇంటి ఇల్లాలి పేరిట. హైదరాబాదు మహానగరానికి లక్ష ఇళ్లు మంజూరు చేశారు. వచ్చిన దరఖాస్తులు సుమారు 7 లక్షలు. మహానగరంలో తొలి విడత లాటరీ 2023 ఆగస్టులో జరిగింది. 11,700 మందికి ఇళ్లు దక్కాయి. పథకం ప్రకటించిన నాటికి బడిలో చేరిన పిల్లవాడు ఆ లాటరీ నాటికి తొమ్మిదో తరగతికి వచ్చాడు. లక్ష ఇళ్లూ ఒకేసారి పంచినా, ఇంటికి ఏడుగురు పోటీదారులు ఉన్నారు.

వడ్డీ మన ధర్మంలో నిషిద్ధం. కేంద్ర పథకాలలో పట్టణ పేదలకు ఇచ్చిన వడ్డీ రాయితీ రుణం గృహరుణంతో ముడిపడింది. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లలో పెద్ద విస్తీర్ణం ఉన్నవాటికి కూడా లబ్ధిదారు పేరిట బ్యాంకు రుణం తప్పలేదు. అందువల్ల అప్పు లేకుండా వచ్చే ఇల్లు మన పేదలలో అనేకులకు ఉన్న ఏకైక దారి. వారి ఆశ అంత గాఢంగా ఉండటానికి ఇదొక కారణం.

లాటరీ అన్న మాట వినగానే "ఇది జూదం కాదా? హరాం కాదా?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. కాదు. జూదంలో ఒకరి సొమ్ము మరొకరికి పోతుంది. ఇక్కడ జరిగేది చీట్లు వేయడం, అంటే ఖురా. ఇది మన సంప్రదాయానికి పరాయిది కాదు. మర్యం అలైహిస్సలాం పోషణభారం ఎవరు వహించాలన్న వివాదాన్ని చీట్లతోనే తేల్చారని ఖుర్ఆన్ తెలుపుతుంది. ప్రయాణంలో తన వెంట వచ్చే భార్య ఎవరన్నది ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఖురా ద్వారానే నిర్ణయించేవారని హదీసులలో ఉంది. అయితే ఇందులో ఒక నియమం ఇమిడి ఉంది. హక్కులో సమానులైన వారి నడుమనే చీట్లు వేయాలి. హక్కుదారులందరి పేర్లూ ఆ చీట్లలో ఉండాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా ఖురా న్యాయం కాజాలదు.

మన నగరంలో రెండూ లోపించాయి.

మొదటిది, పేర్లు చీట్లలోకి చేరకపోవడం. దరఖాస్తుకు ఆహారభద్రత కార్డు ఆధారం. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డుల మంజూరు బహు అరుదుగా జరిగింది. పెళ్లయి వేరు కాపురం పెట్టిన జంట పేరు అత్తమామల కార్డులో లేదు, తల్లిదండ్రుల కార్డులో లేదు. ప్రభుత్వం దృష్టిలో ఆ కుటుంబమే లేదు. ఇక పేర్ల సంగతి. ఆధార్‌లో 'మొహమ్మద్', రేషన్ కార్డులో 'ఎం.డి.'. ఒకచోట 'బేగం', మరొకచోట 'బీ'. ఉర్దూలో ఒకే రీతిగా రాసే పేరు తెలుగులోకి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడు రూపాలు ధరిస్తుంది. కంప్యూటరుకు ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులు.

కుట్టుపనితో ఇద్దరు బిడ్డలను పెంచుతున్న ఒక వితంతువు దరఖాస్తు మేమే నింపాము. విచారణకు వచ్చిన ఉద్యోగి ఇంటికి వచ్చేసరికి ఆమె అద్దె పెంచినందున పక్క గల్లీకి మారింది. "చిరునామాలో లేరు" అని రాసుకొని ఆయన వెళ్లిపోయారు. సొంత ఇల్లు లేనివారు ఇళ్లు మారుతూనే ఉంటారు. సొంత ఇల్లు అడగడానికి కారణమే అది. ఆ కారణమే ఆమె అనర్హతకు ఆధారమైంది. ఆ సంగతి తెలుసుకోవడానికి మేము ఒక కార్యాలయం చుట్టూ నాలుగు మార్లు తిరిగాము. కాగితంపై జవాబు ఎన్నడూ రాలేదు. లాటరీ నాడు ఆమె ఉదయం నుంచి ఫోను పట్టుకొని కూర్చున్నది. తన చీటీయే పెట్టెలో లేదని ఆమెకు తెలియదు. ఆమెకు ఆ మాట చెప్పవలసి వచ్చినవారము మేము.

రెండవది, హక్కులో సమానత. పథకం మార్గదర్శకాలలో పట్టణ ప్రాంతాలకు మైనారిటీల వాటా 12 శాతం. 2011 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.7 శాతం కనుక ఈ అంకె సబబుగానే కనిపించవచ్చు. కాని అదే జనగణనలో హైదరాబాదు జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతం. రాష్ట్ర సగటును తెచ్చి పాతనగరానికి తొడిగితే ఆ అంగీ సరిపోతుందా? ముస్లింలు నగరాలలో అధికంగా నివసిస్తున్నారనీ, అయినా పేదరికం వీడలేదనీ 2006లో సచార్ కమిటీ వివరంగా చెప్పింది. 12 శాతం మనకు కనీస హామీగా ఉండాలి. గరిష్ఠ హద్దు కారాదు.

చీటీలో పేరు వచ్చినవారి కష్టం వేరు. అధికభాగం ఇళ్లు నగరం అంచున వెలిశాయి. కొల్లూరులో ఒక్కచోటనే 15,660 ఇళ్లు కట్టారు. మంచి కట్టడమే, కాదనము. అయితే చార్మినారు నుంచి అది ముప్పై కిలోమీటర్లకు పైమాటే. లాడ్‌బజారు గాజులకు రాళ్లు అతికే స్త్రీకి, జర్దోజీ పని చేసే కుటుంబానికి పని గల్లీలోనే దొరుకుతుంది. ఠేకేదారు ఉదయం సరుకు ఇచ్చి సాయంత్రం తీసుకుపోతాడు. ఆయన కొల్లూరుకు రాడు. ఇల్లు వచ్చింది, కూలి పోయింది. ఇక ఆ కుటుంబం తాళం వేసి మళ్లీ పాత అద్దె గదికే చేరితే, "మీకు ఇల్లు అక్కరలేదు" అన్న నింద మిగులుతుంది.

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల గురించి సుప్రీంకోర్టు ఈ సత్యాన్నే గుర్తించింది. పేదవాడు పనికి దగ్గరగా ఉండటానికే అక్కడ తలదాచుకుంటాడనీ, జీవనోపాధి జీవించే హక్కులో భాగమనీ పేర్కొన్నది. తొలగింపును పూర్తిగా ఆపకపోయినా, ఆ సూత్రం నేటికీ నిలిచి ఉన్నది. 1995లో చమేలీ సింగ్ కేసులో నివాసహక్కునూ అదే కోవలో చేర్చింది.

ఉన్నచోటనే కట్టడం సాధ్యం కాదా? సాధ్యమే. సికింద్రాబాదులో ఐ.డి.హెచ్. కాలనీ ఉంది. పాత ఇళ్లు తొలగించి అదే స్థలంలో 396 ఇళ్లు కట్టి, అక్కడి వారికే 2015లో అప్పగించారు. ఒక బస్తీలో జరిగినది మరో బస్తీలో ఎందుకు జరగరాదు?

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల పథకం వచ్చింది. సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయల సాయంతో అది 2024లో ఆరంభమైంది. జాగా లేనివారు రెండో జాబితాలో ఉన్నారు. పాతనగరంలో అద్దెకున్న ముస్లింకు జాగా ఎక్కడిది? తాతల నాటి ఇంట్లో వాటా ఉన్నా అది అన్నదమ్ముల నడుమ పంపకం కాని అరవై గజాలు. మొదటి జాబితాను చూసి సంతోషిస్తూ రెండో జాబితాను మరచిపోతే, మరొక పదేళ్లు గడిచిపోతాయి.

కనుక మా కోర్కెలు ఇవి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకు కారణం రాతపూర్వకంగా, ఉర్దూలోనూ ఇవ్వాలి. 2017 నుంచి ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికారభాష. లాటరీకి ముందే అర్హుల జాబితాను బస్తీల వారీగా ప్రకటించి అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. ఈసారి పేరు రానివారి దరఖాస్తు చెల్లుబాటులోనే ఉండాలి. ఎక్కువ ఏళ్లు వేచినవారికి ముందు వరుస దక్కాలి. వితంతువులను, వికలాంగులను అందరితోపాటు ఒకే పెట్టెలో వేయరాదు. మైనారిటీ వాటాను నగర జనాభాను బట్టి సవరించాలి.

ప్రభుత్వానికి చెప్పినంత మాత్రాన మన బాధ్యత తీరదు. రసీదు పోగొట్టుకోకండి. ఇల్లు మారితే ఆ సంగతి కాగితంపై తెలియజేసి నకలుపై ముద్ర వేయించుకోండి. "డ్రాలో పేరు వేయిస్తాను" అని డబ్బు అడిగేవాడు మోసగాడు. వానికి ఒక్క రూపాయి ఇవ్వకండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, ముప్పై రోజులలో సమాధానం ఇవ్వవలసిందే. ప్రతి మసీదు కమిటీ జుమా నమాజు తరువాత ఒక గంట ఇటువంటి బల్ల ఒకటి వేస్తే చాలు. చదువుకున్న మన యువకులకు ఇంతకు మించిన ఖిద్మత్ లేదు.

పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదు" అనే యజమానులున్న నగరంలో మనం బతుకుతున్నాము. ఆ యజమాని వలె చీటీ మన పేరు చూసి మొహం తిప్పుకోదు. అందుకే మేము లాటరీని వద్దనడం లేదు. అందులో అందరి పేర్లూ ఉండాలని, అందరికీ సరిపడా ఇళ్లు ఉండాలని కోరుతున్నాము. ఆ వితంతువు దరఖాస్తు మళ్లీ నింపాము. ఈసారి రెండు చిరునామాలూ రాశాము, నకలు మీద ముద్ర వేయించాము. ఆమె పేరు పెట్టెలోకి చేరేవరకు మా బల్ల అక్కడే ఉంటుంది.