బొద్దుగా ఉంటే ముద్దే... మరి బీపీ సంగతి?

(ట్రాయ్, మిషిగన్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. సభలో ఇంతమంది డాక్టర్లుండగా నేను మైకు పట్టుకోవడానికి కారణం ఒక్కటే. ఈ విషయంలో పొరపాటు చేసిన తండ్రిని నేను.

మా అబ్బాయికి పదమూడేళ్ళప్పుడు, బడిలో ఆటల జట్టులో చేరడానికి డాక్టరు సంతకం కావాల్సి వచ్చింది. నర్సు బీపీ చూసింది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. 136/84. "కంగారుపడ్డాడు లెండి" అన్నాను నవ్వుతూ. డాక్టరు నవ్వలేదు. ఇంటికొచ్చి వెతికితే, బీపీ కొంచెం ఎక్కువగా ఉందని అంతకుముందు ఏడాది ఇచ్చిన కాగితం సొరుగులో దొరికింది. మార్కుల కాగితాలు మాత్రం ఫైల్లో వరసగా ఉన్నాయి!

అమెరికాలో 2 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 19.7 శాతం మందికి స్థూలకాయం ఉందని 2017–2020 నాటి సీడీసీ లెక్క. అంటే ఐదుగురిలో ఒకరు. "మావాడు అంత లావు కాదులే" అనుకుంటాం. కానీ మన భారతీయులకు అదే బీఎంఐ దగ్గర కొవ్వు పాలు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ.

ఆ కొవ్వుకీ బీపీకీ ఏమిటి సంబంధం? కొవ్వు పెరిగితే ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. మూత్రపిండాలు ఉప్పును బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. నరాల వ్యవస్థ రక్తనాళాలను బిగిస్తుంది. బిగిసిన గొట్టాల్లోకి రక్తం తోసి తోసి, చిన్న వయసులోనే గుండె గోడ మందమెక్కవచ్చు. ఇంత జరుగుతున్నా సాధారణంగా పిల్లవాడికి నొప్పి ఉండదు. ఎర్రర్ ఏమీ చూపకుండా తప్పు లెక్కలు వేసే ప్రోగ్రాము లాంటిదిది. పరీక్షిస్తేనే బయటపడుతుంది.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం, మూడేళ్ళ వయసు నుంచి ఏటా బీపీ చూడాలి. 13 ఏళ్ళు దాటినవారికి వేర్వేరు రోజుల్లో మూడుసార్లు 130/80 లేదా అంతకు మించి వస్తే అది అధిక రక్తపోటు. అంతకన్నా చిన్నవాళ్ళకు వయసు, ఎత్తు, ఆడామగా బట్టి వేరే పట్టిక ఉంది. చేతికి కట్టే పట్టీ బిగుతైతే అంకె తప్పుగా ఎక్కువ చూపుతుంది. కాబట్టి సరైన సైజు పట్టీ అడగండి.

మా వాడికి మూడుసార్లూ ఎక్కువే వచ్చింది. మొదట్లో వాడికి ఒక్కడికే ఓట్స్ పెట్టి, మేము ఆవకాయ, అప్పడాలు కానిచ్చాం. వాడు కంచం తోసేసి గదిలోకి వెళ్ళిపోయాడు. న్యాయమే కదా! అప్పటినుంచి మార్పు ఇంటిల్లిపాదికీ. ఒక టీస్పూను ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పద్నాలుగేళ్ళు దాటినవారికి రోజుకి అదే హద్దు. అందుకే ఊరగాయ వారానికోసారి, సోడా పండగలకి. ట్రాయ్‌లో పాల డబ్బాకి కూడా కారెక్కే మేము, చలికాలం సాయంత్రాలు సోమర్‌సెట్ మాల్‌లో బిగ్ బీవర్ రోడ్డు మీది వంతెన దాటుతూ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాం. వాడి ముందు 'లావు' అన్న మాట మానేశాం.

ఫోనులో మా అమ్మ, "ఏరా, పిల్లాడి కడుపు మాడుస్తున్నారా?" అని కోప్పడింది. "లేదమ్మా, మేమూ అదే తింటున్నాం" అన్నాను.

ఏడాది తరువాత వాడి బీపీ 122/74. మామూలు స్థాయికి ఇంకా పూర్తిగా దిగలేదు. అయినా మందు లేకుండా ఇంతవరకూ వచ్చాం.

నా విన్నపం ఒక్కటే. ఈ సభ అయి ఇంటికెళ్ళాక, మీ పిల్లల బీపీ చివరిసారి ఎంత ఉందో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే రేపే డాక్టరుకి ఫోను చేసి అడగండి. వాళ్ళ లెక్కల మార్కులు మనకందరికీ నోటికి వచ్చు కదా!