ఏరు లేని దీవిలో చదువు

నెల్లూరు జిల్లాలోని సంగం గ్రామానికి ఆ పేరు ఊరక రాలేదు. పెన్నానదితో ఉపనదులు వచ్చి కూడే చోటు అది. ఒడ్డున సంగమేశ్వరస్వామి కోవెల ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో అక్కడ ఆనకట్ట కట్టినారు. దానికి మారుగా నిర్మించిన బ్యారేజి 2022లో ప్రారంభమైనది. అక్కడ నిలిచిన నీరే కనిగిరి జలాశయానికీ, కనుపూరు కాలువకూ పారి వేలాది ఎకరాల మాగాణిని తడుపుతున్నది. కాలువగట్లమీద నడిచి పెరిగిన పిల్లలకు నీరనగా ఎగువనుండి వచ్చేది, పల్లానికి పారేది, పదిమందీ వంతులువేసి పంచుకొనేది.

ఇటువంటి ఊరి ఆడపిల్ల ఒకతె కళాశాలలో చదువుతూ, మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవికి వెళ్ళి ఐదారు మాసాలు చదువుకొని వస్తానని ఇంట్లో అడిగినదనుకొందాము. "నెల్లూరులో లేని చదువా అమ్మా?" అంటుంది అవ్వ. "అక్కడ ఏం తింటుంది?" అంటుంది తల్లి. "చేను తాకట్టు పెట్టవలసి వస్తుందా?" అని తండ్రి పైకి అనకపోయినా మనసులో లెక్క వేసుకొంటాడు. ఈ మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. వీటికి సమాధానం చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదట తండ్రి ప్రశ్న. విద్యార్థుల వినిమయం వేరు, విదేశీ కళాశాలలో డబ్బు కట్టి చేరడం వేరు. వినిమయంలో రెండు విద్యాసంస్థలు ముందుగా ఒడంబడిక చేసుకొంటాయి. విద్యార్థి పేరు తన సొంత కళాశాలలోనే ఉంటుంది. రుసుము అక్కడే చెల్లిస్తాడు. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం బోధనకు వేరే రుసుము తీసుకోదు. అక్కడ ఏయే విషయాలు చదవవలెనో ప్రయాణానికి ముందే వ్రాసుకొని విద్యార్థీ, రెండు సంస్థలూ సంతకాలు చేస్తారు. యూరోపులో ఒక సంవత్సరపు చదువును 60 క్రెడిట్లుగా, అర్ధసంవత్సరాన్ని 30గా లెక్కిస్తారు. తిరిగివచ్చిన తర్వాత ఆ క్రెడిట్లు ఇక్కడి పట్టాలో జమపడవలెను.

ఈ పద్ధతికి యూరోపులో 1987లో గట్టి పునాది పడినది. దేశదేశాలు తిరిగి చదువుకొన్న ఎరాస్మస్ అనే డచ్చి పండితుని పేరు దానికి పెట్టినారు. 2015నుండి భారతదేశంవంటి వెలుపలి దేశాల సంస్థలు కూడా అందులో భాగస్వాములు కావడానికి వీలు కలిగినది. ఈ పథకం క్రింద ఎంపికైనవారికి నెలనెలా విద్యార్థి వేతనమూ, ప్రయాణానికి కొంత సొమ్మూ ఇస్తారు. అది దుబారాకు చాలదు. పొదుపుగా ఉంటే చేను జోలికి పోనక్కరలేకుండా చూస్తుంది.

ఇక దూరం మాట. మధ్యధరా సముద్రం మనకు అనుకొన్నంత పరాయిది కాదు. 1786లో నెల్లూరు ప్రాంతంలో పొలం దున్నుతున్న ఒక రైతుకు చిన్న కుండ దొరికినది. అందులో బయటపడినవి రోము చక్రవర్తుల కాలపు బంగారు నాణెములు. రెండవ శతాబ్దంలో ఏలిన ట్రాజన్, హాడ్రియన్ల పేర్లు వాటిపై ఉన్నవి. ఆ సముద్రపు సొమ్ము మన తీరానికి వచ్చిన, ఎన్నో శతాబ్దాల నాటి మాట అది. మరొకటి: 1840లో అమెరికా బాప్టిస్టు మిషను నెల్లూరు చేరిననాటినుండి ఇక్కడి క్రైస్తవ కుటుంబాలవారు తమ గ్రంథంలో "మెలితే" అన్న పేరు చదువుతూనే ఉన్నారు. ఓడ బద్దలై 276 మందితో పౌలు ఒడ్డుకు చేరిన దీవి అదే. వానలో చలిలో తడిసినవారికి ఆ దీవివాసులు నిప్పు రాజేసి ఆదరించినారట. ఆ మెలితేయే మాల్టా అని సంప్రదాయం.

1878లో బ్రిటిషు ప్రభుత్వం ఇండియానుండి సుమారు ఏడువేల మంది సైనికులను మాల్టాకు తరలించినది. వారిలో మద్రాసు శాపర్ల దళం వారును ఉన్నారు. పదేండ్ల తర్వాత, 1888లో, న్యాయశాస్త్రం చదవడానికి లండను వెళుతూ గాంధీగారు కొన్ని గంటలపాటు మాల్టాలో దిగి అక్కడి చర్చిని చూచినారు. సముద్రం దాటినందుకు కులంవారు వెలివేసిన విద్యార్థి ఆయన. ఆనాటి కట్టడి ఈనాడు లేదు. పిల్లలను దూరం పంపడానికి జంకే మనసు మాత్రం ఇంకా ఉన్నది. అది ప్రేమవల్ల పుట్టినది గనుక దానిని నిందించనక్కరలేదు.

మాల్టా వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలో ముప్పయ్యవ వంతుకైనా రాదు. జనాభా 2021 లెక్కల ప్రకారం ఐదులక్షల పైచిలుకు. 1964లో స్వాతంత్ర్యం పొందినది. 2004లో యూరోపియను యూనియనులో చేరినది. 2008నుండి యూరో నాణెం చెల్లుతున్నది. అక్కడి విశ్వవిద్యాలయం 1592లో జెసూటు మతగురువులు స్థాపించిన కళాశాలనుండి ఎదిగినది. బోధన ఇంగ్లీషులో జరుగుతుంది. అక్టోబరులో మొదలై జూనులో ముగిసే విద్యాసంవత్సరంలో రెండు భాగాలుంటాయి.

సంగం పిల్లకు అక్కడ మొదట కొత్తగా తోచేది చదువు కాదు, నీరు. ఆ దీవిలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును మనకువలెనే వేసవి గడిచిన తర్వాత, చలికాలంలోనే ఎక్కువగా కురుస్తుంది. పూర్వం వల్లెట్టా నగరంలో ప్రతి ఇంటిక్రిందా వాననీటి తొట్టి తొలిచి ఉంచుకొనేవారు. 1610-1615 మధ్య విన్యకూర్ అనే ప్రభువు రాతి తోరణాలమీదుగా మైళ్ళ దూరంనుండి నగరానికి నీరు రప్పించినాడు. నేడు త్రాగే నీటిలో సగానికి పైగా సముద్రపు నీటిని యంత్రాలతో వడగట్టి, ఉప్పు తీసి ఇస్తున్నారు. ఆ నీటిలో ప్రతి బిందెకూ కరెంటు ఖర్చున్నది. కొళాయి ఊరక తెరిచి ఉంచే అలవాటు అక్కడ మొదటి వారంలోనే పోతుంది.

రెండవ వింత చలి. ఫొటోలలో నీలిసముద్రం, బంగారువన్నె రాతి మేడలు కనబడతాయి. జనవరి వచ్చేసరికి ఆ రాతిగోడలే చెమ్మ పీల్చుకొని, వీధిలోకంటె ఇంట్లోనే ఎక్కువ వణికిస్తాయి. ఈశాన్యపుగాలి విసురుగా వీచిన రోజున పక్క దీవియైన గోజోకు పడవలు నడవడం కూడా కష్టమవుతుంది. ఉన్ని దుస్తులు, మందమైన దుప్పటి పెట్టెలో మొదట సర్దవలెను. ఊరగాయ జాడీ తర్వాత.

తల్లి ప్రశ్నకూ జవాబు ఉన్నది. మాల్టావారి ముఖ్యవంటకం కుందేటి మాంసం. అది గిట్టనివారికి రొట్టె, టమాటా, ఆలివు నూనె సర్వత్రా దొరుకుతాయి. పాస్తిత్సి అని, పొరలు పొరలుగా కాల్చిన పిండివంట ఒకటి వీధివీధినా అమ్ముతారు. దాని లోపల జున్నువంటి పాలముద్దగాని, ఉడికించిన బఠాణీ ముద్దగాని ఉంటుంది. అన్నానికి బియ్యం అంగళ్ళలో లభిస్తుంది. నలుగురైదుగురు విద్యార్థులు ఒక ఇల్లు అద్దెకు తీసుకొని వంతులవారీగా వండుకోవడం పరిపాటి. ఇంటి అద్దె మాత్రం ఎక్కువ. ఒప్పందపత్రం వ్రాతమూలకంగా లేకుండా ముందుసొమ్ము ఇవ్వరాదు.

భాష ముచ్చట మరీ రసవత్తరం. మాల్టావారిలో అత్యధికులు కేథలిక్కులు. వారి భాష మాత్రం అరబ్బీ కుటుంబానిది, వ్రాసేది రోమను లిపిలో. నీటిని "ఇల్మ" అంటారు. దేవుణ్ణి "అల్లా" అని పిలిచి చర్చిలో ప్రార్థిస్తారు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ చేరి చెరువులో రొట్టెలు మార్చుకొనే నెల్లూరు బిడ్డకు ఇది వింతగా తోచదు, ఇల్లుగా తోచును. వారి జాలరిపడవల ముక్కున ఇరువైపులా కళ్ళు చిత్రించి ఉంటాయి. కీడు తగలకుండా అని నమ్మకం. దిష్టిచుక్క తెలిసినవారికి దానిని విప్పి చెప్పవలసిన పని లేదు. ఊరూరా తమ పునీతుని ఉత్సవానికి దీపాలు, బాణసంచా, మేళాలతో వీధులు నింపుతారు. అది మన తిరునాళ్ళే.

అయినా ఒంటరితనం ఉండదని చెప్పలేము. చిన్న దీవిలో కొన్నివారాలకే వీధులన్నీ తెలిసిపోతాయి. ఎటు నడిచినా సముద్రమే అడ్డు వస్తుంది. చలికాలంలో వారి గడియారం మనకంటె నాలుగున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంకాలం నాలుగున్నర. ఇంటివారు రోజూ పిలిచి ఏడిస్తే పిల్ల మనసు అక్కడ నిలవదు. బొత్తిగా పిలవకపోతే కుమిలిపోతుంది. వారానికి రెండుమూడు మాటలు, వేళ తప్పకుండా మాట్లాడటం మేలు. పండుగనాడు తోటివారిని పిలిచి పరమాన్నం వండిపెట్టిన విద్యార్థికి ఇల్లు అక్కడికే వచ్చినట్లుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. "వినిమయం" అన్న మంచి పేరును అడ్డం పెట్టుకొని దళారులు మామూలు ప్రవేశాలను అమ్మజూపుతారు. సైప్రసు దీవి మాటే చూడండి. అది 1974నుండి రెండుగా చీలి ఉన్నది. ఉత్తరభాగంలో 1983లో ప్రకటించిన రాజ్యాన్ని టర్కీ తప్ప మరే దేశమూ గుర్తించలేదు. మన దేశపు హైకమిషను ఉన్నది దక్షిణాన ఉన్న గణతంత్ర ప్రభుత్వపు రాజధాని నికోసియాలో. "సైప్రసు" అని మాత్రమే చెప్పి, ఏ భాగమో చెప్పనివానికి సొమ్ము అప్పగించరాదు. ఆపద వస్తే ఎవరి తలుపు తట్టవలెనో ముందే తెలిసి ఉండవలెను.

కాబట్టి సంతకం పెట్టేముందు తల్లిదండ్రులు నాలుగు సంగతులు కళాశాలవారినే స్వయంగా అడగాలి. రెండు సంస్థల మధ్య వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉన్నదా? అక్కడ బోధనారుసుము లేదని కాగితంమీద ఉన్నదా? చదివిన విషయాలు ఇక్కడి పట్టాలో లెక్కకు వచ్చునా? జబ్బు చేస్తే భీమా ఎవరు భరిస్తారు? ఈ నాలుగింటికీ కాగితం చూపినచోట జంకనక్కరలేదు. నోటిమాటే గతి అయినచోట, పిల్ల ఎంత ముచ్చటపడినా, ఆగడమే మంచిది.

సరిగా వెళ్ళి వచ్చిన విద్యార్థి ఏమి తెస్తాడు? ముప్పయి క్రెడిట్లు తెస్తాడు. అవి పట్టాలో కలిసిపోతాయి. దానికి మించి, తన ఊరిని బయటినుండి చూచే కన్ను తెస్తాడు. నీటిబొట్టు విలువ తెలిసినవాడు బ్యారేజి గేట్లమీదినుండి పెన్నను చూచినప్పుడు, కాలువలో చెత్త వేసే చేతిని తప్పక వారిస్తాడు. ఆనకట్టలు, కాలువలు, వంతులు అన్నీ ఎవరో ఆలోచించి కట్టి, కాపాడుకొన్నవే అని గ్రహిస్తాడు. పిల్లలను పంపే ఇండ్లవారికి ధైర్యమూ జాగ్రత్తా రెండూ ఉండుగాక. సెలవు.