ఆరు టైర్ల బండి, మూడెకరాల సేద్యం

(వేమూరు మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, కాలువ నీళ్ల గురించి ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ రోజు మన వాకిట్లో నిలబడి ఉన్న బండి గురించి మాట్లాడుకుందాం.

ఒకప్పుడు ఎడ్లబండి నిలిచిన చోట ఇప్పుడు పికప్ బండి నిలుస్తోంది. చిన్నదైతే టాటా ఏస్, కాస్త పెద్దదైతే బొలెరో పికప్, ఇంకా పెద్దదైతే ముందు రెండు, వెనక నాలుగు టైర్లుండే 407. 1986లో 407, 2005లో ఏస్ మార్కెట్లోకి వచ్చాయి. లంకల అరటి గెలలైనా, దుగ్గిరాల యార్డుకు పోయే పసుపైనా, మిల్లుకు పోయే ధాన్యమైనా ఈ బళ్ల మీదే కదులుతున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున కల్లంలో ధాన్యం ఉన్నవాడికి బండి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి బండి కొన్నవాళ్లను తప్పుపట్టడానికి మేము మాట్లాడటం లేదు.

మా ఆందోళన వేరు. సరుకు కోసం కొన్న బండి ఇంటి బండి అయిపోయింది. తెనాలి ఆసుపత్రికైనా, పెళ్లికైనా, పిల్లల్ని బడికి దించడానికైనా, నాట్లకు కూలీల్ని తీసుకెళ్లడానికైనా అదే బండి. దీని లెక్క ఒకసారి చూద్దాం.

మన బస్తా 75 కిలోలు. ఎకరాకు 30 బస్తాలు పండాయనుకుంటే 2,250 కిలోలు. అంటే 407 లాంటి బండికి దాదాపు ఒక లోడు. మూడెకరాల రైతుకు సార్వా మొత్తం మూడు లోడ్లు. దాళ్వాలో మొక్కజొన్న వేసి ఎకరాకు 35 క్వింటాళ్లు తీసినా మరో ఐదారు లోడ్లు. ఎరువుల కట్టలు కలుపుకున్నా సొంత సేద్యానికి ఏడాదిలో పట్టుమని పదిహేను రోజుల పని లేదు. మిగతా రోజుల్లో కిరాయి దొరికితే సరే. వీధికి నాలుగు బళ్లున్న ఊళ్లో కిరాయి ఎవరికి దొరుకుతుంది? కోతలప్పుడు అందరికీ ఒకేసారి బండి కావాలి, ఆ తర్వాత ఎవరికీ అక్కర్లేదు. కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది.

ఖాళీ బండిలో తెనాలి వెళ్లొస్తే ముప్పై కిలోమీటర్ల పైమాటే. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చినా మూడు లీటర్ల డీజిలు. అదే మోటారు సైకిలు మీదైతే లీటరు పెట్రోలు కూడా పట్టదు. వారానికి నాలుగుసార్లు అలా తిరిగితే నెలకు నాలుగైదు వేలు డీజిలుకే పోతాయి. టైర్లు, పన్ను, బీమా, ఫిట్‌నెస్ దీనికి అదనం. సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే.

ఇక జంట టైర్ల సంగతి. వెనక ఒక్కో వైపు రెండేసి టైర్లు పెట్టింది బరువు మోయడానికి. అమెరికాలో ఇలాంటి జంట టైర్ల పెద్ద పికప్పులను పశువుల ట్రైలర్లు, గడ్డి మోపులు లాగడానికి రైతులు వాడతారు. అక్కడ కూడా ఆ బండిని రోజూ బజారుకు తీసుకెళితే వెడల్పుతో, ఇంధనం ఖర్చుతో ఇబ్బందే. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కమాన్ కట్టలు వంగవు. అందుకే బండి ఎగిరెగిరి పడుతుంది. వానలో తడిసిన రోడ్డు మీద బరువు లేని వెనక భాగం సులువుగా జారుతుంది. మన కాలువ కట్టల మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. ఒక చక్రం మట్టి అంచు మీదికి దిగితే బండి కాలువలోనే.

జంటలో లోపలి టైరు కంటికి కనపడదు. అందులో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మీద పడి, అది వేడెక్కి పగులుతుంది. పాత టైరు పక్కన కొత్తది వేస్తే ఎత్తు తేడా వల్ల రెండూ త్వరగా అరుగుతాయి. డొంకలో తిరిగొచ్చాక రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూసి తీయాలి. లోడు ఎత్తే ముందు లోపలి టైరుకు కూడా గాలి కొలిపించాలి. ఈ మాటలు బండి నడిపే మన పిల్లలకు చెప్పండి.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం. చట్టం ఏం చెబుతోందో తెలుసుకుందాం. మోటారు వాహనాల చట్టంలోని 147వ సెక్షన్‌ను 1994లో సవరించాక, సరుకుతో పాటు ప్రయాణించే సరుకు యజమానికి, లేదా అతని తరఫు మనిషికి బీమా రక్షణ వచ్చింది. అంటే తన ధాన్యంతో మిల్లుకు పోయే రైతుకు రక్షణ ఉంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు లేదు. 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నాట్లకు, కలుపుకు వెనక నిలబడి వెళ్లే కూలీలకు, పెళ్లికి ఎక్కిన చుట్టాలకు ప్రమాదం జరిగితే ఆ పరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది. కొన్ని కేసుల్లో ముందు బీమా కంపెనీని కట్టమని, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు ఆదేశిస్తాయి. అటు కూలి కుటుంబం పెద్దదిక్కును కోల్పోతుంది, ఇటు రైతు కుటుంబం పొలం పోగొట్టుకుంటుంది. డ్రైవరుకు, బండి మీద పనిచేసే హమాలీలకు అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించుకునే వీలుంది. మీ పాలసీ కాగితంలో అది ఉందో లేదో చూసుకోండి.

లైసెన్సు గురించి చాలామందికి అనుమానం ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరుకు బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ మొత్తం బరువు 3,000 కిలోలు దాటిన సరుకు బండికి పర్మిట్ కావాలి. ఆర్‌సీ మీద రాసి ఉన్న బరువు చూసుకోండి. లోడు మించితే చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన టన్నుకు మరో 2,000. నాలుగు బస్తాలు ఎక్కువ వేసి మిగుల్చుకున్న కిరాయి దానికి ఏ మూలకూ రాదు.

అయితే తప్పంతా రైతుదేనా? కాదని గట్టిగా చెబుతున్నాం. పంట రుణానికి వెళ్లిన కౌలు రైతును పాస్‌బుక్ ఏదని అడిగి వెనక్కు పంపుతారు. బండి అప్పు మాత్రం ఇంటికొచ్చి ఇస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, మంచిదే. కానీ తెల్లవారుజామున నాట్లకు పోయే కూలీల వేళకు, పొలాల వైపు పోయే దారిలో బస్సేది? తెనాలి – రేపల్లె రైలు మన వేమూరు మీదుగానే పోతుంది. స్టేషను దాకా చేరడానికి లోపలి ఊళ్లవాళ్లకు సాధనం లేదు. మనుషులు సరుకు బండి ఎక్కుతున్నది సరదాకు కాదు.

అందుకే ప్రభుత్వాన్ని కొన్ని కోరుతున్నాం. నాట్లు, కోతల కాలంలో కూలీల వేళకు బస్సులు నడపాలి. డొంకలకు, కాలువ కట్టలకు కంకర వేసి, మలుపుల్లో అంచు రాళ్లు పాతాలి. ధాన్యం రవాణా ఖర్చులు, గోతాల డబ్బులు ధాన్యం సొమ్ముతో పాటే రైతు ఖాతాలో వేయాలి. కౌలు రైతుకు కార్డు చూసి పంట రుణం ఇవ్వాలి.

మనం చేసుకోవాల్సినవీ ఉన్నాయి. కొత్తగా బండి కొనాలనుకునేవాళ్లు ముందు ఏడాది లోడ్లు కాగితం మీద రాసుకోండి. కిస్తీకి సరిపడా కనపడకపోతే నలుగురైదుగురు కలిసి ఒకటి కొనండి. వంతులు, డీజిలు, మరమ్మతుల ఖర్చు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఒకరి పేరున ఆర్‌సీ ఉంటుంది కాబట్టి ఆ ఒప్పందం తప్పనిసరి. ఉన్న బండిని లోడు ఉన్నప్పుడే బయటికి తీయండి. కూలీల్ని ప్యాసింజరు ఆటోలో, అదీ పరిమితికి మించకుండా తీసుకెళ్లండి. ఆ ఖర్చును కూలితో పాటు సాగు ఖర్చులో రాయండి. మద్దతు ధర లెక్కలో అది కూడా చేరాలని అడిగే హక్కు మనకుంది.

వచ్చే కోతలలోపు ప్రతి గ్రామ కమిటీ తమ ఊళ్లోని సరుకు బళ్ల జాబితా రాసి, బీమా గడువు తీరినవి ఎన్నో, పాలసీలో హమాలీలు లేనివి ఎన్నో మండల కమిటీకి అందజేయాలని కోరుతున్నాం. ఆ జాబితాతోనే మనం రవాణా అధికారుల్ని, ఆర్టీసీ డిపోను కలుద్దాం.